డబ్బు కట్టింది మీ సభ్యులు, కోడ్ ఇంకొకరి చేతిలో: వాణిజ్య మండళ్లకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వాణిజ్య మండళ్ల, చిన్న పరిశ్రమల సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు

నమస్కారం.

ఈ లేఖలో మిమ్మల్ని అడుగుతున్నది ఒక్కటే. వెబ్‌సైటో ఆన్‌లైన్ సాఫ్ట్‌వేరో బయటివాళ్ల చేత రాయించుకునే మీ సభ్యుల కోసం ఒక నమూనా ఒప్పందం తయారు చేయించండి. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. నాలుగు పేజీలు చాలు. షాపు అద్దెకు తీసుకునేటప్పుడు అగ్రిమెంటు లేకుండా తాళం ముట్టుకోని వ్యాపారి, లక్షలు పోసి సాఫ్ట్‌వేర్ రాయించుకునేటప్పుడు మాత్రం ఒక పేజీ కొటేషన్‌తో, నాలుగు వాట్సాప్ మెసేజీలతో సరిపెట్టుకుంటున్నాడు. ఆ కొటేషన్‌లో పేజీలెన్ని, రంగులేమిటి, అడ్వాన్స్ ఎంత, ఏఎంసీ (ఏడాది నిర్వహణ రుసుము) ఎంత అన్నీ ఉంటాయి. కోడ్, అంటే డెవలపర్ రాసిన ఆ ప్రోగ్రాము, ఎవరిది అన్న మాట మాత్రం ఉండదు.

నేను గుంటూరులో వెబ్ డెవలపర్‌ని. నా దగ్గరికొచ్చే పనుల్లో కొత్తగా కట్టే సైట్లు కొన్నే. ఎక్కువ భాగం ఇంకెవరో కట్టి, ఏదో కారణంతో మధ్యలో ఆగిపోయినవి. యజమాని ఫోన్ చేసి మొదట చెప్పేది ‘సైటు నాదేనండీ, డబ్బంతా కట్టేశాను’ అని. లాగిన్ వివరాలు ఇవ్వండి అంటే అవతల నిశ్శబ్దం. డొమైన్ (సైటు చిరునామా) ఎవరి పేరున ఉందో తెలియదు, సర్వర్ (సైటు నడిచే అద్దె కంప్యూటర్) ఎక్కడుందో తెలియదు, కోడ్ కాపీ ఒక్కటి కూడా ఆయన దగ్గర ఉండదు.

పేరు చెప్పకుండా ఒక సంగతి చెబుతాను. మా జిల్లాలోనే ఒక కోల్డ్ స్టోరేజీ. రైతు తన ఫోన్ నంబరు కొడితే ఏ లాట్‌లో ఎన్ని మిర్చి టిక్కీలు (బస్తాలు) ఉన్నాయో, అద్దె ఎంతయిందో కనబడే సైటు ఒకటి రాయించుకున్నారు. మంచి ఆలోచన. రైతులు కూడా అలవాటు పడ్డారు. సరిగ్గా సీజన్ మధ్యలో, మార్చిలో, ఆ పేజీ పోయి హోస్టింగ్ కంపెనీ నోటీసు కనబడటం మొదలైంది: అకౌంట్ నిలిపివేయబడింది. సర్వర్ అద్దె కాంట్రాక్టర్ సొంత కార్డు నుంచి పోయేది. ఆయన ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్లిపోయాడు, రెన్యువల్ కట్టలేదు. ఆయన్ని దొంగ అనడానికి లేదు. ఫోన్ చేస్తే ఎత్తాడు. చివరి బిల్లు డబ్బు ఇంకా రాలేదన్నాడు. యజమానిని అడిగితే పని పూర్తి కాకుండా బిల్లెలా కడతానన్నాడు. పూర్తి అంటే ఏమిటో ఇద్దరి మధ్యా కాగితం మీద లేదు. నెల రోజుల అద్దె లెక్కలు మళ్లీ పాత పద్ధతిలో రిజిస్టర్లలో రాసుకున్నారు.

మధ్యవర్తులు కూర్చున్నాక ఒక జిప్ ఫైలు వచ్చింది. అది విప్పి చూశాక నాకు అసలు భయం వేసింది. సెట్టింగులు ఉండే ఒక్క కాన్ఫిగ్ ఫైల్లో డేటాబేస్ పాస్‌వర్డు, ఎస్‌ఎంఎస్ కంపెనీ పాస్‌వర్డు, ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే పేమెంట్ గేట్‌వే లైవ్ కీ (అదీ పాస్‌వర్డు లాంటిదే), మూడూ పచ్చిగా రాసి ఉన్నాయి. ఇంకో రెండు ఫైళ్లలో పైన వేరే కోల్డ్ స్టోరేజీ పేరు, దాని ఎస్‌ఎంఎస్ కీ. అంటే ఈ యజమాని కోడ్‌ను ఆ రెండో కోల్డ్ స్టోరేజీ కోడ్ మీద కట్టారు. ఈయన కీలు కూడా ఇంకెవరి ఫోల్డర్‌లోనో ఉండే ఉంటాయి. ఇక రోజూ రాత్రి అద్దె లెక్క కట్టే స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాము) ఆ జిప్‌లో లేనే లేదు. అది సర్వర్‌లో వేరే చోట ఉండేది, ఎవరికీ గుర్తులేదు. సర్వర్‌తో పాటే పోయింది.

ఇలాంటివి చూశాక యజమానులు నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: మా కోడ్ డెవలపర్ కాపీ కొట్టకుండా ఎలా దాచాలి? ఇది అడగాల్సిన ప్రశ్న కాదని నా నమ్మకం. రాసేవాడికి కనబడకుండా కోడ్ రాయించడం కుదరదు. కోడ్‌లో చేసే ప్రతి మార్పునూ భద్రపరిచే గిట్ అనే పద్ధతిలో పనిచేసే ప్రతి డెవలపర్ ల్యాప్‌టాప్‌లోనూ మొత్తం కోడ్, దాని పాత చరిత్రతో సహా, ఒక కాపీ ఉంటుంది. ఆ పద్ధతి తయారైందే అలా. మీ సభ్యులు అడగాల్సిన ప్రశ్నలు వేరు. చట్టం దృష్టిలో ఈ కోడ్ ఎవరిది? రేపు డెవలపర్ లేకపోయినా సైటు నడుస్తుందా? తాళాలు, కస్టమర్ల వివరాలు ఎవరెవరి చేతుల్లో ఉన్నాయి?

మొదటి ప్రశ్నకు జవాబు చాలామంది యజమానులు ఊహించేది కాదు. 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచన కిందే లెక్కిస్తుంది. సెక్షన్ 17 ప్రకారం రచనకు మొదటి హక్కుదారు రాసినవాడు. జీతానికి పనిచేసే ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాస్తే హక్కు యజమానికి వెళ్తుంది, వేరే ఒప్పందం లేకపోతే. కానీ బయటి కాంట్రాక్టర్ మీ ఉద్యోగి కాదు. ఆయన ఇన్‌వాయిస్ ఇచ్చి పనిచేసే వేరే వ్యాపారి. కాబట్టి మీరు పూర్తి సొమ్ము కట్టినా, రాతపూర్వకంగా బదిలీ చేయకపోతే కాపీరైట్ ఆయన దగ్గరే ఉంటుంది. డబ్బు కట్టాను కాబట్టి వాడుకునే అనుమతి ఉందని కోర్టులో వాదించుకోవచ్చు. ఆ కోడ్‌ను ఇంకొకరి చేత మార్పించుకోవడం, వ్యాపారం అమ్మేటప్పుడు దాంతోపాటు అమ్ముకోవడం, వేరేవాళ్లు వాడితే ఆపడం, వీటికి ఆ వాదన చాలదు.

ఇక్కడ మిమ్మల్ని ఒక తేడా గమనించమంటాను. అదే సెక్షన్ 17లో ప్రభుత్వం చేయించుకున్న రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, ప్రభుత్వమే మొదటి హక్కుదారు అని రాసి ఉంది. ప్రభుత్వ రంగ సంస్థలకూ అంతే. అంటే ఒక ప్రభుత్వ శాఖ ఒప్పందంలో ఈ మాట మర్చిపోయినా చట్టం ఆదుకుంటుంది. తెనాలిలో నగల షాపాయన, సిరిసిల్లలో మరమగ్గాల యజమాని మర్చిపోతే ఆదుకునేవారు లేరు. వాళ్లకు లాయర్ల విభాగం ఉండదు. వాళ్లకున్నది మీ సంఘమే.

సరే, రాసుకుందాం అనుకున్నా, ఎలా రాసుకుంటారన్నది ముఖ్యం. ‘కోడ్ హక్కులన్నీ క్లయింటువే’ అన్న ఒక్క వాక్యం చాలదు. సెక్షన్ 19 ప్రకారం బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, హక్కు ఇచ్చేవాడి సంతకం ఉండాలి, ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి అన్నది చెప్పాలి. కాలం రాయకపోతే చట్టం ఐదేళ్లనే అనుకుంటుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. ఇచ్చిన హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే అది రద్దయ్యే ప్రమాదం కూడా ఉంది, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప. ఇవాళ సైటు రాయించుకుని, రేపు అమెరికాలోని తెలుగువాళ్లకు పచ్చళ్లు పంపుదామనుకునే ఒక రాజమండ్రి వ్యాపారికి ‘భారతదేశం వరకే’ అన్నది చిన్న విషయం కాదు. కాపీరైట్ ఉన్నంత కాలం, ప్రపంచమంతటా, వాడకపోయినా రద్దు కాకుండా అని రాసుకోవడానికి మూడు పంక్తులు పడుతుంది. ఆ మూడు పంక్తులు ఎవరో ఒకరు సరిగ్గా రాసిపెడితే వేలమంది వాడుకుంటారు. ఇంకా పుట్టని కోడ్‌ను ముందే బదిలీ చేస్తూ సంతకం పెట్టడానికి కూడా చట్టం ఒప్పుకుంటుంది, కోడ్ పుట్టగానే అది అమల్లోకి వస్తుంది. కాబట్టి సంతకాల పని అడ్వాన్స్ ఇచ్చే రోజే అయిపోవాలి, చివరి రోజుకు వాయిదా వేయక్కర్లేదు.

ఇంకో చిక్కు కాంట్రాక్టర్ వెనకాల ఉంటుంది. మీరు పని ఇచ్చింది హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీకి. వాళ్లు డిజైన్ ఒక ఫ్రీలాన్సర్‌కి, సర్వర్ పని ఇంకొకరికి ఇచ్చారు. ఆ ఫ్రీలాన్సర్లు తాము రాసింది కంపెనీకి రాసివ్వలేదు. అప్పుడు కంపెనీ మీకు బదిలీ చేసేది ఏమిటి? తన దగ్గర లేని హక్కును ఎవరూ ఇవ్వలేరు. అందుకే పనిలో చేయివేసిన ప్రతి ఒక్కరి దగ్గరా కాంట్రాక్టర్ రాతపూర్వకంగా హక్కు తీసుకున్నాడన్న హామీ ఒప్పందంలో ఉండాలి, మాకు తెలియకుండా కింద ఇంకొకరికి పని ఇవ్వకూడదన్న షరతూ ఉండాలి.

కింది కాంట్రాక్టర్ వల్ల ఏం జరుగుతుందో చెప్పడానికి టయోటా సంగతి చాలు. కార్లను ఇంటర్నెట్‌కు కలిపే వాళ్ల టీ-కనెక్ట్ సేవకు సంబంధించిన సైటు రాసే పనిలో ఉన్న ఒక సబ్‌కాంట్రాక్టర్, 2017 డిసెంబరులో సోర్స్ కోడ్‌లో కొంత భాగాన్ని గిట్‌హబ్ అనే, కోడ్ దాచుకునే వెబ్‌సైటులోని తన ఖాతాలో పెట్టాడు. ఆ ఖాతా అందరికీ కనబడేలా ఉంది. ఆ కోడ్‌లో డేటా సర్వర్‌లోకి వెళ్లే కీ ఉంది. 2022 సెప్టెంబరు వరకూ, అంటే దాదాపు ఐదేళ్లు, ఎవరూ గమనించలేదు. 2,96,019 మంది కస్టమర్ల ఈమెయిల్ చిరునామాలు, కస్టమర్ నంబర్లు బయటపడి ఉండవచ్చని కంపెనీ ప్రకటించి క్షమాపణ చెప్పింది. 2021 జనవరిలో జపాన్‌లోనే సుమితోమో మిత్సుయి బ్యాంకు కోడ్ కొంత గిట్‌హబ్‌లో కనబడింది. బయటి సంస్థలో పనిచేసిన ఒక ఇంజనీరు పెట్టాడు. తన కోడ్ చూసి తనకు ఎంత జీతం రావచ్చో అంచనా కట్టే ఒక సేవ కోసం పెట్టానన్నాడు. ఈ రెండింట్లోనూ దురుద్దేశం లేదు. ఎవరి మీదా కోపంతో చేసింది కాదు. అంత పెద్ద సంస్థలకే అలా అయితే, పాస్‌వర్డులన్నీ ఒక్క ఫైల్లో పెట్టి వాట్సాప్‌లో పంపించుకునే మన ఊళ్ల సంగతి మీరే ఆలోచించండి.

ఉబర్ కథ కూడా దీనికి దగ్గరే. 2016లో హ్యాకర్లు ఆ కంపెనీ ఇంజనీర్లు వాడే ప్రైవేటు గిట్‌హబ్ రిపాజిటరీలోకి (కోడ్ ఉంచే ఫోల్డర్‌లోకి) దూరారు. అందులో అమెజాన్ క్లౌడ్ కీలు దొరికాయి. వాటితో దాదాపు 5.7 కోట్ల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరాలు పోయాయి. రిపాజిటరీ ప్రైవేటుగా ఉంటే చాలు అనుకునేవాళ్లకు ఈ కథ చెప్పాలి. కోడ్‌లో కీ ఉండటమే ప్రమాదం. ఒకసారి గిట్‌లోకి వెళ్లిన పాస్‌వర్డు తర్వాత ఫైల్లోంచి తీసేసినా చరిత్రలో అలాగే ఉండిపోతుంది. చరిత్ర చూడటం తెలిసిన ఎవరికైనా అది నిమిషాల పని. కీ బయటపడిందనిపిస్తే తుడిచేయడం కాదు, ఆ కీనే రద్దు చేసి కొత్తది తీసుకోవాలి.

ఇప్పుడు మన సభ్యులు ఏం చేయాలో, నా చేతుల మీదుగా పని చేసిన అనుభవంతో చెబుతాను. పని మొదలవకముందే యజమాని తన వ్యాపారం ఈమెయిల్‌తో ఖాతాలు తెరవాలి. డొమైన్, హోస్టింగ్, గిట్‌హబ్‌లో సంస్థ ఖాతా, పేమెంట్ గేట్‌వే, వ్యాపారం తరఫున ఎస్‌ఎంఎస్‌లు పంపడానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల కింద చేసే డీఎల్‌టీ రిజిస్ట్రేషన్. అన్నీ యజమాని పేరున, యజమాని ఫోన్‌కి ఓటీపీ వచ్చేలా ఉండాలి. డెవలపర్‌కి వీటిలోకి ఆహ్వానం పంపి పని చేయించుకోవాలి. పని అయిపోయిన రోజున ఆ ఆహ్వానం ఒక్క నొక్కుతో వెనక్కి తీసుకోవచ్చు. ఇది పెద్ద సాంకేతిక విద్య ఏమీ కాదు, బ్యాంకు ఖాతా తెరవడం వచ్చినవాళ్లకి వచ్చేస్తుంది. ఎవరైనా డెవలపర్ ‘మీకెందుకండీ శ్రమ, మా ఖాతాలోనే పెట్టేస్తాం’ అంటే మర్యాదగా వద్దనండి. మంచి డెవలపర్‌కి దానివల్ల నష్టమేమీ లేదు, తన కార్డు మీద మీ సర్వర్ బిల్లు కట్టే తలనొప్పి తప్పుతుంది.

కోడ్ వారం వారం యజమాని గిట్‌హబ్ ఖాతాలోకే రావాలి, చివర్లో జిప్ ఫైలుగా కాదు. ప్రతి విడత చెల్లింపు ఆ కోడ్ వచ్చిందని చూసుకున్నాకే జరగాలి. కోడ్ అసలు ప్రతిలోకి (గిట్‌లో దీన్ని ప్రధాన శాఖ అంటారు) ఎవరుపడితే వాళ్లు నేరుగా మార్పులు తోయకుండా అడ్డుపెట్టే సదుపాయం ఉంది. పాస్‌వర్డు లాంటిది కోడ్‌లో కనబడితే హెచ్చరించే సదుపాయం కూడా ఉంది. రెండూ పెట్టుకోవాలి. టెస్టింగ్‌కి అసలు కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఇవ్వకూడదు, కల్పిత డేటా ఇవ్వాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం డేటా కాంట్రాక్టర్ దగ్గర పోయినా బాధ్యత మీ సభ్యుడిదే. తగిన భద్రతా జాగ్రత్తలు తీసుకోలేదని తేలితే జరిమానా 250 కోట్ల రూపాయల వరకూ వేయవచ్చు. చిన్న వ్యాపారికి అంత వేస్తారని నేను భయపెట్టడం లేదు. కానీ ‘అది కాంట్రాక్టర్ తప్పు’ అన్న జవాబు ఆ చట్టం కింద చెల్లదన్నది మీ సభ్యులకు తెలియాలి.

వీటన్నిటికంటే నేను ఎక్కువ పట్టుబట్టేది ఒక పరీక్ష గురించి. చివరి విడత డబ్బు ఇచ్చే ముందు, ఆ ప్రాజెక్టుతో ఏ సంబంధమూ లేని ఇంకో డెవలపర్‌ని పిలవండి. ఒక ఖాళీ సర్వర్ ఇవ్వండి. గిట్‌హబ్‌లో ఉన్న కోడ్, అందులో ఉన్న సూచనల పేజీ, ఇవి తప్ప ఇంకేమీ ఇవ్వకండి, పాత డెవలపర్‌కి ఫోన్ చేయనివ్వకండి. ఆయన సైటును మొదటి నుంచి నిలబెట్టగలిగితే కోడ్ నిజంగా మీ చేతికొచ్చినట్టు. నిలబెట్టలేకపోతే ఏం లోపించిందో అక్కడే తెలుస్తుంది. డేటాబేస్ పట్టికల నమూనా ఉండదు, లేదా రాత్రిపూట నడిచే స్క్రిప్టు ఉండదు, లేదా సైటుకు తగిలించడానికి కొన్న ప్లగిన్ (అదనపు సాఫ్ట్‌వేర్ ముక్క) లైసెన్స్ కాంట్రాక్టర్ పేరున ఉంటుంది. నేను చెప్పిన కోల్డ్ స్టోరేజీ ఈ పరీక్ష పెట్టుకుని ఉంటే అద్దె లెక్క కట్టే స్క్రిప్టు లేదన్న సంగతి సీజన్‌కి ముందే, డెవలపర్ పక్కనే ఉండగా తెలిసేది. దీనికి ఒక రోజు పని, ఒక రోజు కూలి. మీ నమూనా ఒప్పందంలో ఇంకేమున్నా లేకపోయినా ఇది ఉండాలి.

ఆ ఒప్పందం డెవలపర్‌కీ న్యాయంగా ఉండాలని అంతే గట్టిగా అడుగుతున్నాను. ఈ రంగంలో నాకు తెలిసిన తగాదాల్లో చాలావాటికి మూలం ఆగిపోయిన చివరి బిల్లు. యజమాని పూర్తి డబ్బు ఇవ్వడు, డెవలపర్ పాస్‌వర్డు ఇవ్వడు. ఇద్దరూ తమదే న్యాయం అనుకుంటారు. హక్కుల బదిలీని చెల్లింపుతో ముడిపెట్టండి. సంతకం మొదటి రోజే పెట్టినా, ఏ విడతకు డబ్బు కడితే ఆ విడత వరకు రాసిన కోడ్ హక్కు యజమానికి వచ్చేలా రాసుకోవాలి. పూర్తయిన పని అంటే ఏమిటో ముందే రాసుకోవాలి. 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం మీకు కొత్త కాదు. సరుకు సరఫరా చేసి డబ్బు రాని మీ సభ్యుల తరఫున దాన్ని మీరే పట్టుకుని పోరాడుతుంటారు. రాతపూర్వక ఒప్పందం ఉన్నా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదన్నది అందులో ఉంది. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వ నమోదు) ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థకూ ఆ రక్షణ వర్తిస్తుంది. ఇనుము అమ్మినవాడికి ఉన్న హక్కు కోడ్ రాసినవాడికీ ఉందని మీ సభ్యులకు మీరు చెబితే వింటారు, మేం చెబితే వినరు.

అలాగే డెవలపర్ ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న సొంత ముక్కలు కొన్ని ఉంటాయి. లాగిన్ పద్ధతి, రిపోర్టులు తీసే కోడ్, ఇలాంటివి ప్రతి ప్రాజెక్టులోనూ వాడతాడు. వాటినీ రాసిచ్చేయమంటే నిజాయితీపరుడు సంతకం పెట్టలేడు, పెట్టినవాడు అబద్ధం ఆడుతున్నట్టు. వాటి జాబితా ముందే ఇమ్మనాలి. ఎప్పటికీ వాడుకునే, మార్చుకునే అనుమతి మీకు ఉంటే చాలు. సైట్లు కట్టడానికి వాడే వర్డ్‌ప్రెస్ లాంటి ఓపెన్ సోర్స్ (ఎవరైనా వాడుకోగలిగే) సాఫ్ట్‌వేర్ హక్కులు ఎవరూ మీకు అమ్మలేరు, దాని లైసెన్స్ దానిది. ఏమేం వాడారో, ఏ లైసెన్స్ కింద వాడారో ఒక పేజీ ఇస్తే సరిపోతుంది.

యజమానులు పట్టుబట్టి రాయించే ఒక షరతు గురించి మీరు వాళ్లకు నిజం చెప్పాలి. ‘మా పని అయ్యాక ఐదేళ్లు మా రంగంలో ఇంకెవరికీ సైటు చేయకూడదు’ అని రాస్తారు. 1872 భారత ఒప్పందాల చట్టం సెక్షన్ 27 ప్రకారం జీవనోపాధిని అడ్డుకునే అలాంటి షరతు చెల్లదు. కాగితం మీద ఉంటే యజమానికి ధైర్యంగా ఉంటుంది, కోర్టులో నిలబడదు. అదే చోట గోప్యతా షరతు పెట్టండి: మా ధరలు, మా కస్టమర్ల జాబితా, మా లెక్క కట్టే పద్ధతి బయటపెట్టకూడదు, మా కోడ్‌ను ఏఐ చాట్‌బాట్లలో అతికించకూడదు అని. 2023లో శాంసంగ్ ఉద్యోగులే సోర్స్ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టారని తెలిశాక ఆ కంపెనీ అలాంటి సాధనాల వాడకాన్ని నిషేధించింది. మన దేశంలో వ్యాపార రహస్యాలకు ప్రత్యేక చట్టం ఇంకా లేదు. లా కమిషన్ 2024 మార్చిలో ఇచ్చిన 289వ నివేదికలో అలాంటి చట్టం కావాలని ముసాయిదాతో సహా సిఫారసు చేసింది. అది వచ్చేదాకా మీ సభ్యుడికి ఉన్న కోట ఒప్పందమే.

పోలీసు కేసు పెడతామనేవాళ్లకు ఒక మాట. ఐటీ చట్టంలో సెక్షన్ 43, 65, 66 ఉన్నాయి. సోర్స్ కోడ్‌ను దొంగిలించడం, నాశనం చేయడం, మార్చడం గురించి మాట్లాడతాయి. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టే 2005లో, సెల్‌ఫోన్లలోని ప్రోగ్రామును మార్చారన్న కేసులో, సెక్షన్ 65 ఆరోపణలను కొట్టేయడానికి నిరాకరించింది. నష్టపరిహారం కోసం ఐదు కోట్ల రూపాయల వరకు క్లెయిములను రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి అడ్జుడికేటింగ్ అధికారి (విచారించి తేల్చే అధికారి) హోదాలో విచారించవచ్చు. కానీ సెక్షన్ 43 నిలబడేది యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వెళ్లారన్న ఆధారం మీద. సర్వర్ ఖాతా కాంట్రాక్టర్ పేరునే ఉంటే, ఆయన తన ఖాతాలోకి తాను వెళ్లాడు. అనుమతి ఎవరిది కావాలి? ఖాతాలు ఎవరి పేరున తెరిచారన్నది చివరికి కేసు బలాన్ని కూడా తేలుస్తుంది.

ఇక మీరు చేయగలిగింది. హైదరాబాద్‌లో నల్సార్, విశాఖలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. వాళ్లతో మాట్లాడి, ఇద్దరు ముగ్గురు డెవలపర్లను, ఇద్దరు ముగ్గురు వ్యాపారులను కూర్చోబెట్టి ఈ నమూనా రాయించండి. ఒప్పందాన్ని సభ్యులకు ఉచితంగా పంచండి. జిల్లా సంఘాల ఆఫీసుల్లో జీఎస్టీ, ఉద్యమ్ పనులు చూసిపెట్టే మనిషి ఉంటే, ఆయనకే ఈ ఖాతాలు తెరిపించే పని కూడా నేర్పండి. తగాదా వస్తే కోర్టుకు వెళ్లేముందు మీ దగ్గర మధ్యవర్తిత్వం జరగాలని ఒప్పందంలోనే రాయండి. లక్షా రెండు లక్షల పని మీద ఎవరూ ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగలేరు. రెండు వైపులా నమ్మే పెద్దమనిషి కావాలి, ఆ స్థానం మీకు ఉంది.

అది తయారయ్యేలోపు, ఈ వారంలోనే మీ సభ్యులందరికీ ఒక సర్క్యులర్ పంపండి. సైటు ఉన్న ప్రతి ఒక్కరూ తమ డొమైన్ ఎవరి పేరున రిజిస్టరయిందో, రెన్యువల్ మెయిల్ ఎవరికి వెళ్తోందో, సర్వర్ బిల్లు ఎవరి కార్డు మీద పడుతోందో కనుక్కోమనండి. జవాబు ‘మా డెవలపర్‌ది’ అని వస్తే, బాకీ ఉంటే కట్టేసి, మంచి సంబంధం ఉన్నప్పుడే మార్పించుకోమనండి. మిర్చి సీజన్ ఫిబ్రవరిలో మొదలవుతుంది. కోల్డ్ స్టోరేజీల వాళ్లకైనా అంతకుముందే ఈ కబురు చేరాలి.

ముసాయిదా రాసే పనికి డెవలపర్ల తరఫున నేను, ఈ ఊళ్లో నాతో కలిసి పనిచేసే మిత్రులు వస్తాం. దీనికి ఏ రుసుమూ తీసుకోం. ఎప్పుడు, ఎక్కడ కూర్చోవాలో చెప్పండి.

ఇట్లు,
మీ సభ్యుల సైట్లతో రోజూ పనిచేసే ఒక వెబ్ డెవలపర్,
గుంటూరు